రిజిస్టరుకెక్కని జీవితాలు – గోగు శ్యామల కృషి

(మన సంఘం వెలిగండ్ల శాఖ వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి మన కార్యదర్శిగారు ఉదయం వివరంగా చెప్పారు. మధ్యాహ్నం భోజనానంతరం ఒక సాహిత్య విషయం ఉండాలని కార్యవర్గం నిర్ణయించి ఆ బాధ్యత నాకు అప్పగించింది. అమెరికాలో నల్లజాతి స్త్రీలు నవలలు రాసి, ఉద్యమాలు నడిపి, తమ జాతికి గొంతునిచ్చారని మనం పత్రికల్లో చదువుతుంటాం. అటువంటి స్త్రీ మన తెలుగునాట ఎవరని ఆలోచిస్తే నాకు వెంటనే తోచిన పేరు గోగు శ్యామల. ఆమె ప్రధానంగా కథకురాలు, పరిశోధకురాలు, ఉద్యమకారిణి. ఆమెను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన భాషలోనే మొదలుపెడతాను. ఉద్యోగికి ప్రాణం సర్వీసు రిజిస్టరు. ముప్పై ఏళ్లు ఎండనక వాననక పనిచేసినా, ఆ పుస్తకంలో ఒక ఏడాది నమోదు కాకపోతే ఆ ఏడాది మనం పని చేయనట్టే లెక్క. ఆ ఒక్క నమోదు కోసం ట్రెజరీ చుట్టూ, పాత ఆఫీసు చుట్టూ తిరిగి చెప్పులరిగిన వారు ఈ సభలోనే ఉన్నారు. పని చేయడం ఒక ఎత్తు, చేసినట్టు రాసి ఉండడం మరో ఎత్తు. ఈ సంగతి మనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

మరి పుట్టిన నాటి నుంచి చచ్చేదాకా పని చేసి, ఏ రిజిస్టరులోనూ పేరు లేని మనుషుల సంగతేమిటి? నాటు వేసినవారు, కోత కోసినవారు, పశువుల కొట్టాలు ఊడ్చినవారు, చెప్పులు కుట్టినవారు, డప్పు కొట్టినవారు, వారి ఇళ్లలోని ఆడవాళ్లు – వీరి సర్వీసు ఎవరు రాశారు? గోగు శ్యామల జీవితమంతా చేసిన పని ఈ రాతపనే. నేను చెప్పదలచిన ముఖ్య విషయం కూడా ఇదే.

శ్యామల 1969లో అప్పటి హైదరాబాదు జిల్లా, ఇప్పటి వికారాబాదు జిల్లాలోని పెద్దేముల్ గ్రామంలో మాదిగ కుటుంబంలో పుట్టారు. అది తాండూరు ప్రాంతం. మన మార్కాపురానికి పలక ఎలాగో తాండూరుకు నాపరాయి అలాగ. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. దొర ఇంటికి వెట్టి చేయవలసిన రోజులవి. వెట్టి అంటే కూలి లేని చాకిరి. పిలిచినప్పుడు పోవాలి, పొమ్మన్నప్పుడు రావాలి. ఆమె అన్న పాలేరుగా పనికి కుదరవలసి వచ్చింది. ఆ ఇంట్లో పైచదువులకు వెళ్లింది ఆమె ఒక్కరే. అన్న భుజాన పడిన కాడి మీదుగా చెల్లెలు బడికి నడిచిందన్నమాట. డిగ్రీ డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా పూర్తి చేశారు. మన సభ్యుల్లో కూడా ఉద్యోగం చేస్తూ ఆ విశ్వవిద్యాలయంలోనే డిగ్రీ తెచ్చుకున్నవారున్నారు కనుక, దాని విలువ వేరే చెప్పనక్కరలేదు.

యౌవనంలో ఆమె వామపక్ష విద్యార్థి ఉద్యమంలో పనిచేశారు. తరువాత దళిత ఉద్యమంలోకి, స్త్రీల ఉద్యమంలోకి వచ్చారు. హైదరాబాదులోని అన్వేషి స్త్రీల అధ్యయన కేంద్రంలో పరిశోధకురాలిగా చాలాకాలం కృషి చేశారు. తెలంగాణ ఉద్యమంలోనూ పాలుపంచుకున్నారు. ఉద్యమంలో ఉంటూ తీరిక దొరికినప్పుడు కథ రాసిన మనిషి కాదు ఆమె. ఆమెకు కథ రాయడమూ ఉద్యమమే, పాత కాగితాలు వెతకడమూ ఉద్యమమే.

ఇక ఆమె కథల సంగతి. 'ఏనుగంత తండ్రి కన్నా ఏకులబుట్టంత తల్లి నయం' అని మన పెద్దలు అంటుండేవారు. ఏకులబుట్ట అంటే రాట్నం వడికేటప్పుడు దూది ఏకులు పెట్టుకునే చిన్న బుట్ట. ఈ సామెతే ఆమె కథల సంపుటికి పేరు. ఆ కథలు 2012లో న్యూఢిల్లీ నవయాన ప్రచురణ సంస్థ ద్వారా ఇంగ్లీషులో కూడా పుస్తకంగా వచ్చి, తెలుగు రాని పాఠకులకు కూడా చేరాయి.

ఆ కథలు చాలావరకు మాదిగవాడలో జరుగుతాయి. మనవైపు పల్లె అంటాం, వారివైపు వాడ అంటారు. చూసే కళ్లు ఎక్కువగా పసిపిల్లలవి. ఒక కథలో తాటకి అని పేరు పడ్డ పిల్ల ఉంటుంది. తెల్లవారకముందే చేనుకు నీళ్లు పెట్టడానికి ఒంటరిగా పోవలసిన పిల్ల. ఆ చీకట్లో బలిసినవాడొకడు మీదికి వస్తే, అరిచి ఏడ్చి కూలబడిపోదు. వాడు జన్మలో మరచిపోని బుద్ధి చెప్పి, తన పని తాను చూసుకుని ఇంటికి వస్తుంది. రామాయణంలో రాక్షసి పేరు. ఇక్కడ ఆ పేరే పిల్లకు కవచమైంది. అన్వేషి వారు సిద్ధం చేసిన పిల్లల కథల పుస్తకాల్లో ఈ కథ కూడా వచ్చింది. మన మనుమరాండ్ర చేత చదివించదగిన కథ.

ఇంకో కథలో ఒక తండ్రి ఉంటాడు. ఊరి పెద్దలు అతని కూతురిని జోగినిగా వదలమంటారు. మన రాయలసీమలో బసివి అన్నా, చిత్తూరువైపు మాతమ్మ అన్నా, తెలంగాణలో జోగిని అన్నా మాట వేరు గాని దుర్మార్గం ఒకటే: దేవుడి పేరు పెట్టి పేదింటి ఆడపిల్లను ఊరి సొత్తు చేయడం. దీన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో చట్టం చేసింది. ఈ తండ్రి కూతురిని గుట్టుగా తీసుకుపోయి తాండూరు హాస్టల్లో చేర్చి వస్తాడు. దానికి ఆ కుటుంబం దెబ్బలతో, ఊరితో తెగతెంపులతో మూల్యం చెల్లిస్తుంది.

ఈ కథ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కారణం మీకు తెలుసు. మన సంఘంలో సాంఘిక సంక్షేమ హాస్టల్ వార్డెన్లుగా, ఆ పిల్లలకు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయులుగా, ఆ బిల్లులు పాసు చేసిన గుమాస్తాలుగా పనిచేసినవారు ఎందరో ఉన్నారు. మనకు అది ఒక ఫైలు. ఇంతమంది పిల్లలు, ఇన్ని బస్తాల బియ్యం, ఇన్ని దుప్పట్లు. ఆ ఫైలు అవతలివైపు ఒక తండ్రి చీకట్లో కూతురి చేయి పట్టుకుని నడిచి వస్తున్నాడని ఈ కథ చెబుతుంది. కీర్తిశేషులు ఎస్.ఆర్. శంకరన్ గారు సాంఘిక సంక్షేమ శాఖ చూసిన కాలంలో హాస్టళ్ల మీద, వెట్టి విముక్తి మీద అంత పట్టుదల ఎందుకు చూపారో, 'అదనపు పని' అని అప్పట్లో విసుక్కున్నవారికి కూడా ఈ కథ చదివితే అర్థమవుతుంది. ఒక అధికారి సంతకం, ఒక వార్డెన్ తెరిచిన తలుపు ఒక బిడ్డ బ్రతుకును ఇటు నుంచి అటు తిప్పగలవు.

అయితే ఆమె కథలు ఏడుపు కథలనుకుంటే పొరపాటు. తోలు పని ఎంత నేర్పుతో కూడినదో, డప్పు దరువులో ఎంత లెక్క ఉందో, బైండ్ల స్త్రీ కథ చెబితే ఊరు ఎలా కదలకుండా వింటుందో, పశువులు కాసే పిల్లలు ఎంత హాయిగా ఆడుకుంటారో ఆమె రాశారు. ఒక కథలో ఊరి చెరువే తన గోడు చెప్పుకుంటుంది. వాన కోసం ఆకాశం వంక చూసే మన వెలిగండ్ల, కనిగిరి, గిద్దలూరు ప్రాంతాలవారికి చెరువు మాట్లాడితే అర్థం కాకపోదు. భాష మాత్రం తాండూరు భాష. మొదటి పేజీలో నాలుగు మాటలు తెలియక ఆగుతాం. గట్టిగా పైకి చదివితే చెవికి తెలిసిపోతుంది. మా ఇంట్లో అలాగే చదువుకున్నాం.

ఇప్పుడు ఆమె చేసిన రెండో పని, నా దృష్టిలో ఇంకా పెద్ద పని చెబుతాను. తన కథలు తాను రాసుకుని ఊరుకోలేదు. తనకంటే ముందు రాసిన దళిత స్త్రీలు ఎవరు అని వెతకడానికి బయలుదేరారు. పాత పత్రికలు తిరగవేశారు, ఊళ్లకు పోయి మనుషులను కలిశారు. ఫలితంగా 2003లో 'నల్లపొద్దు' వచ్చింది. 1921 నుంచి 2002 వరకు దళిత స్త్రీలు రాసిన సాహిత్యం ఒకచోట చేర్చిన సంకలనం అది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. స్వాతంత్ర్యం రాకముందే కథలు రాసిన తాడి నాగమ్మ వంటి రచయిత్రి పేరు ఈ తరానికి తెలిసిందంటే ఆ పుస్తకం చలవే. దళిత స్త్రీలు నిన్న మొన్ననే కలం పట్టారనుకున్నవారికి, ఎనభై ఏళ్ల సర్వీసు రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టినట్టయింది.

తరువాత 2006లో జూపాక సుభద్రతో కలిసి 'నల్లరేగటి సాల్లు' అనే కథల సంకలనం తెచ్చారు. మాదిగ, మాదిగ ఉపకులాల స్త్రీల కథలవి. జూపాక సుభద్ర రాష్ట్ర సచివాలయంలో ఉద్యోగం చేస్తూ కవిత్వం, కథలు రాసినవారు. అంటే మన ఉద్యోగ కుటుంబంలోని మనిషే. పుస్తకాల పేర్లు గమనించండి. ఒకటి నల్లపొద్దు, ఇంకొకటి నల్లరేగడి. నలుపు అనగానే ముఖం చిట్లించే లోకంలో, పంట పండించేది నల్లరేగడే కదా అని గుర్తు చేయడం అది.

మూడోది 2011లో వచ్చిన 'నేనే బలాన్ని'. ఇది టి.ఎన్. సదాలక్ష్మి బ్రతుకు కథ. మనలో పెద్దవారికి ఆ పేరు గుర్తుండవచ్చు. 1928లో సికింద్రాబాదులో పుట్టిన ఆమె ఆంధ్రప్రదేశ్ శాసనసభ డిప్యూటీ స్పీకర్‌గా, దేవాదాయ శాఖ మంత్రిగా పనిచేశారు. గుడి గడప బయట నిలబెట్టిన కులంలో పుట్టిన స్త్రీ, గుళ్ల మీద అధికారం గల శాఖను నడిపారు. 1969 తెలంగాణ ఉద్యమంలో ముందు నిలిచారు. చివరి దశలో మాదిగ దండోరాకు అండగా నిలబడ్డారు. ఆ దండోరా 1994 జులై 7న పుట్టింది మన ప్రకాశం జిల్లా ఈదుమూడిలోనే. సదాలక్ష్మి 2004లో కన్నుమూశారు. అంత పదవులు చేసిన మనిషి బ్రతుకే ఎవరో పూనుకొని రాస్తే తప్ప పుస్తకం కాలేదంటే, ఊళ్లో కలుపు తీసిన మనిషి సంగతి చెప్పాలా?

ఇక్కడ కాస్సేపు సముద్రం దాటి వెళదాం. 'ఏడు తరాలు' మనలో చాలామంది చదివారు. అలెక్స్ హేలీ ఇంగ్లీషు పుస్తకాన్ని సహవాసి తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980లో ప్రచురించింది. అమెరికా నల్లవారి కష్టం మన పల్లెలవారికి కొత్తగా అనిపించలేదు. అమెరికాలోని బ్లాక్ పాంథర్ల పేరు చూసే 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు ఆ పేరు పెట్టుకున్నారు. ఈ చుట్టరికం పాతదే.

అదే అమెరికాలో ఆలిస్ వాకర్ అనే నల్లజాతి రచయిత్రి ఉన్నారు. 1944లో జార్జియా రాష్ట్రంలో పుట్టారు. తల్లిదండ్రులు కోరుకు సేద్యం చేసే పేదలు. ఆమె ఎనిమిదో సంతానం. మీ పిల్లలకు చదువెందుకు, పొలానికి పంపండి అన్న భూస్వామి మాట వినకుండా ఆ తల్లి బిడ్డలను బడికి పంపింది. ఇళ్లలో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో కూతురికి ఒక కుట్టుమిషను, ఒక సూట్‌కేసు, ఒక టైపుమిషను కొని ఇచ్చింది. నీ కాళ్ల మీద నువ్వు నిలబడు, లోకం చూడు, రాయి – అని ఆ మూడు వస్తువుల అర్థం. ఆ కూతురు నల్లవారి ఓటుహక్కు కోసం పనిచేసింది; 1982లో 'ది కలర్ పర్పుల్' అనే నవల రాసింది. దానికి 1983లో పులిట్జర్ బహుమతి వచ్చింది. నవలకు ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి స్త్రీ ఆమే.

కాని నేను చెప్పదలచింది బహుమతి గురించి కాదు. ఆలిస్ వాకర్‌కు ముందు జోరా నీల్ హర్‌స్టన్ అనే గొప్ప రచయిత్రి ఉండేది. 1891లో పుట్టింది. నవలలు రాసింది, ఊరూరా తిరిగి నల్లవారి జానపద కథలు సేకరించింది. చివరి రోజుల్లో ఇళ్లలో పనిమనిషిగా కూడా చేసి, 1960లో బీదల ఆశ్రమంలో కన్నుమూసింది. సమాధి మీద పేరు రాసిన రాయి కూడా లేదు. పుస్తకాలు అచ్చులో దొరకకుండా పోయాయి. 1973లో ఆలిస్ వాకర్ ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్‌కు వెళ్లి, గడ్డి మొలిచిన శ్మశానంలో వెతికి, ఆ చోట తన ఖర్చుతో రాయి పెట్టించింది. 1975లో దాని గురించి వ్యాసం రాసింది. ఆ తరువాత జోరా పుస్తకాలు మళ్లీ అచ్చయి, నేడు విశ్వవిద్యాలయాల్లో పాఠాలయ్యాయి.

అక్కడ ఆలిస్ వాకర్ జోరా కోసం చేసిన పని, ఇక్కడ శ్యామల తాడి నాగమ్మ కోసం, సదాలక్ష్మి కోసం చేశారు. ముందు నడిచినవారి పేరు చెరిగిపోతే వెనుక వచ్చేవారు ప్రతిసారీ ఒకటో తరగతి నుంచే మొదలుపెట్టాలి. అందుకే ఈ స్త్రీలు తమ రచన ఎంత ముఖ్యమో, ముందువారి పేరు నిలబెట్టడమూ అంత ముఖ్యమనుకున్నారు.

ఈ విషయం ఎన్నుకున్నానని తెలిసి ఒక మిత్రుడు నన్ను అడిగాడు: ఈ వయసులో కులాల ప్రస్తావన మనకెందుకండీ, ప్రశాంతంగా ఉండక అని. న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం ఇది. శ్యామల కులాన్ని ఊళ్లోకి తేలేదు. ఊళ్లో ఉన్నదాన్ని కాగితం మీదికి తెచ్చారు. మన సర్వీసు పుస్తకం మొదటి పేజీలోనే కులం గడి ఉంది, అప్పుడు మనమెవరమూ దాన్ని ప్రశాంతత చెడగొట్టేదనలేదు. ఇంకో మాట. 1985 జులై 17న అప్పటి మన ప్రకాశం జిల్లాలోని కారంచేడులో ఏమి జరిగిందో మనకు తెలుసు. మంచినీటి చెరువు దగ్గర మురికి చేయవద్దన్నందుకు మొదలై, ఆరుగురు దళితుల హత్యల దాకా పోయింది. ఆనాడు కొట్టబోయినవారి మీద బిందె ఎత్తి నిలబడింది మున్నంగి సువార్త అనే స్త్రీ. కొత్తగా పుట్టిన దళిత ఉద్యమ చరిత్ర ఆ బిందెతో మొదలవుతుంది. దళితుల నీళ్ల బాధ మీదే ఎం.ఎం. వినోదిని 'దాహం' అనే నాటకం రాశారు. రాయకుండా ఉంటే ప్రశాంతత రాదు, మరుపు వస్తుంది. మరచిపోయినది మళ్లీ జరుగుతుంది.

ఇక మన సంగతికి వస్తాను. దేశంలో ఎన్నో బడుల్లో పిల్లలు మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దారు. ఆ గనుల్లో రాయి మోసిన ఆడవారి పేర్లు ఏ పలక మీదా లేవు. అంత దూరం కూడా పోనక్కరలేదు. మనం పనిచేసిన బడిలో, ఆఫీసులో, ఆసుపత్రిలో తెల్లవారకముందే వచ్చి ఊడ్చి, కుండలో నీళ్లు నింపి, మనం వచ్చేసరికి పక్కకు తప్పుకున్న ఒక అమ్మ ఉండేది. కంటింజెంటు మనిషి అనేవాళ్లం. నెలకింత అని చేతికిచ్చేవారు. ముప్పై ఏళ్లు చేసినా ఆమెకు రిజిస్టరు లేదు, గ్రాట్యుటీ లేదు, పదవీ విరమణ నాడు దండ లేదు, శాలువా లేదు. మనకు కరువు భత్యం ఒక విడత ఆలస్యమైతే తీర్మానం చేస్తాం, చేయాలి కూడా. ఆమె పేరు మనలో ఎందరికి గుర్తుంది? ఊరి పేరో కులం పేరో కలిపి పిలిచిన పిలుపు కాదు, ఆమె అసలు పేరు?

అంతెందుకు, ఈ సభలో కూర్చున్న కుటుంబ పెన్షనరు తల్లులనే తీసుకోండి. పెన్షను కాగితంలో 'ఫలానావారి భార్య' అని ఒక గడి. బదిలీలైనచోటికల్లా సామాను కట్టి, అద్దె ఇళ్లు మార్చి, చాలీచాలని జీతంతో పిల్లలను చదివించిన కథ ఆ గడిలో పట్టదు. అది కూడా రాయవలసిన కథే.

కనుక రెండు విన్నపాలు. మొదటిది, మన శాఖ గ్రంథాలయానికి 'నల్లపొద్దు', 'నేనే బలాన్ని', శ్యామల కథల సంపుటి తెప్పించాలి. వంతుల వారీగా చదివి నెలకొకసారి మాట్లాడుకుందాం. రెండవది, ఇంకా ముఖ్యమైనది. ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ తనతో పనిచేసినవారిలోనో, తన ఊరిలోనో రిజిస్టరుకెక్కని ఒక స్త్రీ గురించి ఒక పేజీ రాసి ఇవ్వాలి. పేరు, ఊరు, చేసిన పని, ఆమె చెప్పిన మాట ఒకటి. బ్రతికి ఉంటే ఆమెనే అడిగి, ఆమెకు ఇష్టమైతేనే, ఆమె మాటల్లోనే రాయాలి. మన దయను చాటుకునే రాత కాకూడదు. చేయి వణికేవారు చెబితే మనుమలు సెల్‌ఫోనులో ఎక్కిస్తారు. ఆ పేజీలకు మన పత్రికలో చోటు ఇవ్వవలసిందిగా సంపాదకులవారిని కోరుతున్నాను.

మనందరం రాతపని చేసి బ్రతికినవాళ్లం. ఫైళ్లు, రికార్డులు, హాజరుపట్టీలు, మార్కుల జాబితాలు మన చేతి మీదుగా నడిచాయి. ఎవరి పేరు ఎక్కించాలో, ఎవరి పేరు ఎక్కించనక్కరలేదో అప్పుడు పైవారు చెప్పారు. ఇప్పుడు చెప్పేవారు లేరు. కలం మన చేతిలోనే ఉంది, తీరికా ఉంది. చూపు, జ్ఞాపకం ఇంకా సహకరిస్తున్నప్పుడే ఈ పని చేద్దాం.